చాపింగ్ బోర్డుకి ఏం పూయాలి: వార్నిషా, నూనెనా, మైనమా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఊళ్లో తాతగారి ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు తలుపు చెక్కతో కూకట్‌పల్లిలో ఒక చాపింగ్ బోర్డు చేయించారు. ఎగ్జిబిషన్‌లో రెండు వేప కర్ర అట్లకాడలు కొన్నారు. అమ్మగారి కాలం నాటి చపాతీ పీట, అప్పడాల కర్ర ఉన్నాయి. ఒక ఏటికొప్పాక డబ్బా ఉంది, అందులో జీడిపప్పు పోసుకోవచ్చా అని సందేహం. వడ్రంగి ఏమో మెలమైన్ కొడదాం, అద్దంలా మెరుస్తుంది అంటున్నాడు. వీడియోల్లో ఒకరు కొబ్బరినూనె, ఒకరు అవిసె నూనె, ఇంకొకరు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ అంటున్నారు. బోర్డు చెల్లెలికి ఇవ్వాలి, ఆవిడ దాన్ని డాలస్ తీసుకెళ్తుంది.

ముందు వడ్రంగికి ఫోన్ చేసి ఆగమనండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను ఇరవై ఏళ్లకు పైగా కాకినాడలో లేత్ పెట్టుకుని కవ్వాలు, పప్పుగుత్తులు, గరిటెలు, పీటలు చేస్తున్నాను. "ఇది తిండికి సేఫేనా?" అని అందరూ అడుగుతారు. కత్తి పడితే ఈ పూత ఏమవుతుంది, ఆరు నెలల తర్వాత మళ్లీ ఎవరు పూస్తారు అని మాత్రం ఎవరూ అడగరు. నా అనుభవంలో బోర్డులు పాడయ్యేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

మెలమైన్ సంగతి. మన దగ్గర కొట్టే మెలమైన్ పాలిష్ రెండు డబ్బాలు కలిపేది. రెండోది యాసిడ్ హార్డెనర్. అది గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, కళ్లు మండేది అందుకే. పూర్తిగా ఆరాక వాసన పోతుంది, డైనింగ్ టేబుల్‌కి నేనూ కొట్టిస్తాను. టేబుల్ మీద కంచం ఉంటుంది, కంచంలో అన్నం ఉంటుంది, పూతకీ తిండికీ మధ్య స్టీలు ఉంటుంది. బోర్డు మీద అలా కాదు. మెలమైనైనా, పీయూ (పాలీయూరిథేన్ పాలిష్) అయినా, వార్నిషైనా చెక్క పైన గాజు పొరలా కూర్చుంటుంది. ఉల్లిపాయ తరిగిన ప్రతిసారీ కత్తి ఆ పొరను చీలుస్తుంది. ఆ చీలికలోంచి నీళ్లు లోపలికి పోతాయి, మళ్లీ బయటికి రావు. కింద చెక్క నల్లబడుతుంది, పైన పొర పొలుసుల్లా లేస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. మొదట్లో ఒక పెళ్లివారికి పన్నెండు బోర్డులు చేసి, మెరవాలని వార్నిష్ మూడు పూతలు వేసి ఇచ్చాను. వాళ్లు తెగ మెచ్చుకున్నారు. సంక్రాంతి తర్వాత ఒకావిడ బోర్డు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టి, గోటితో గీకి చూపించింది. సన్నటి పసుపు పొలుసు లేచి వచ్చింది. "ఇలాంటిది నిన్న కూరలో కనబడిందండీ, చేప పొలుసు అనుకున్నాను. మేం శాకాహారులం" అంది. పన్నెండూ వెనక్కి తెప్పించి చిత్రిక పట్టి, నూనె పూసి ఇచ్చాను. ఆ వారం కూలి కూడా రాలేదు.

కాబట్టి కత్తి పడే దేనికైనా పొర కట్టే పాలిష్ వద్దు. చెక్కలోకి ఇంకేది, మీరే గుడ్డ ముక్కతో మళ్లీ పూసుకోగలిగేది కావాలి. అంటే నూనె, మైనం.

ఇక్కడే అసలు తికమక మొదలవుతుంది, ఎందుకంటే నూనెలన్నీ ఒకటి కావు. మీ పొయ్యి పక్కన ఉండే నూనె డబ్బా మూత చుట్టూ వేలు పెట్టి చూడండి. గోధుమ రంగులో, వేలికి అంటుకునే బంక ఉంటుంది. సబ్బుకి కూడా ఓ పట్టాన వదలదు. అది మురికి కాదు, సన్‌ఫ్లవర్ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సగం గట్టిపడి ఆగిపోయిన రూపం. కొన్ని నూనెలు ఈ పనిని పూర్తిగా చేసి గట్టి పదార్థంగా మారతాయి, కొన్ని సగంలో ఆగుతాయి, కొన్ని అసలు మొదలే పెట్టవు. దీనికి ఒక కొలత ఉంది, అయోడిన్ విలువ అంటారు. అవిసె నూనెకి సుమారు 170 నుంచి 200, సన్‌ఫ్లవర్‌కి 130 అటూఇటూ, వేరుశనగకి 85 నుంచి 105, కొబ్బరినూనెకి 10 లోపే. అవిసె ఆరుతుంది. సన్‌ఫ్లవర్ బంకవుతుంది. వేరుశనగ నూనె ఆరదు, కొన్నాళ్లకి మక్కు వాసన వేస్తుంది. అందుకే వంటనూనె రాసిన పీటలు వర్షాకాలంలో పాత అప్పచ్చుల డబ్బా వాసన కొడతాయి.

కొబ్బరినూనెను అంత తేలిగ్గా తీసిపారేయను. అందులో తొంభై శాతం పైగా సంతృప్త కొవ్వులే, కాబట్టి మిగతా వంటనూనెలంత త్వరగా మక్కిపోదు. మా అమ్మ చపాతీ కర్రకి జీవితమంతా అదే రాసింది, ఏమీ కాలేదు. కానీ ఆవిడ ఆ కర్రను రోజూ వాడేది, తుడిచేది. రోజూ వాడే అప్పడాల కర్రకి రిఫైన్డ్ కొబ్బరినూనె చాలు. నెలకోసారి వాడి అల్మరాలో పడేసే బోర్డుకి వద్దు. ఇక ఆముదం రాయమని చెప్పే పెద్దలు ఉంటారు. అది రోకలికి సరే, బోర్డుకి రాస్తే దుమ్మంతా పట్టుకుని వదలదు.

ఇప్పుడు లిక్విడ్ పారఫిన్. పెట్రోలు జాతిది అని చాలామంది భయపడతారు. అది మలబద్ధకానికి తాగే మందు. సీసా మీద ఐ.పి. అని ఉంటుంది, అంటే ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణం. రంగు, రుచి, వాసన ఉండవు, మక్కిపోదు, బూజుకి ఆహారం కాదు. లైట్, హెవీ అని రెండు రకాలు దొరుకుతాయి, బోర్డుకి ఏదైనా పర్వాలేదు. బేబీ ఆయిల్ మాత్రం కొనకండి, అందులో సెంటు కలుపుతారు. దీని లోపం ఒక్కటే, అది ఎప్పటికీ ఆరదు. చెక్కలో తడిగానే ఉండి, కడిగిన కొద్దీ, తరిగిన కొద్దీ మెల్లగా పోతుంది. నెలకోసారి మళ్లీ రాయాలి. నాకైతే అది లోపంలా అనిపించదు. అంట్లు తోమాక రెండు నిమిషాల పని.

అందులో తేనెమైనం కలిపితే కాస్త ఎక్కువ రోజులు నిలబడుతుంది. నాలుగు పాళ్ల పారఫిన్‌కి ఒక పాలు మైనం. గిన్నెలో నీళ్లు కాగపెట్టి, ఆ నీళ్లలో ఇంకో చిన్న గిన్నె పెట్టి కరిగించండి, మంట మీద నేరుగా వద్దు. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి నీళ్లు తెర్లాల్సిన పని కూడా లేదు. చల్లారాక పేరుకున్న నెయ్యిలా వస్తుంది. ఏప్రిల్, మేలో వదులుగా అయిపోతుంటే మూడింటికి ఒకటి వేసుకోండి. బజార్లో తేనెమైనం పేరుతో కొవ్వొత్తి మైనం కలిపి అమ్ముతారు. ముక్క విరిచి వాసన చూడండి, అసలు మైనానికి సన్నటి తేనె వాసన ఉంటుంది.

అవిసె నూనె దగ్గర జాగ్రత్త కావాలి. హార్డ్‌వేర్ షాపులో అవిసె నూనె అనడిగితే చాలాసార్లు బాయిల్డ్ లేదా డబుల్ బాయిల్డ్ అని ఉన్నది ఇస్తారు. పేరు అలా ఉన్నా అది ఉత్తినే కాచింది కాదు, త్వరగా ఆరడానికి డ్రైయర్లు అనే లోహ లవణాలు కలుపుతారు. అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్.డి.ఎ. నిబంధనల్లో 175.300 అనే భాగం ఆహారం తగిలే పూతల్లో ఏమేం వాడవచ్చో జాబితా ఇస్తుంది. కోబాల్టు, మాంగనీసు డ్రైయర్లు ఆ జాబితాలో ఉన్నాయి, సీసం లేదు. కాబట్టి బాయిల్డ్ అనగానే విషం అనడం తప్పు. కానీ షాపులో దొరికే డబ్బా మీద ఏ లోహం కలిపారో రాసి ఉండదు. రాసి లేనిదాన్ని నేను గరిటెకి పూయను. కిరాణాలోనో ఆయుర్వేద షాపులోనో తినడానికి అమ్మే, గానుగ పట్టిన అవిసె గింజల నూనె తీసుకోండి. వాల్‌నట్ నూనె, టంగ్ ఆయిల్ కూడా ఆరే జాతివే, కానీ మన దగ్గర ఖరీదు. ఇంట్లో ఎవరికైనా నట్స్ ఎలర్జీ ఉంటే వాల్‌నట్ జోలికి పోవద్దు.

పచ్చి అవిసె నూనె పూతకు ఓపిక కావాలి. ధారాళంగా రాసి, అరగంట ఆగి, చెక్క పీల్చుకోనిదంతా పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. పైన మిగిలితే అదే బంకవుతుంది. మూడు నాలుగు రోజులకొక పూత చొప్పున మూడు పూతలు. ఆ తర్వాత గాలీ వెలుతురూ తగిలేచోట ఒక నెల. శ్రావణ భాద్రపదాల్లో అయితే ఇంకా ఎక్కువ. ముసురులో పచ్చి అవిసె నూనె మీద బూజు కూడా పడుతుంది, మా కాకినాడ గాలికి నేను చాలాసార్లు చూశాను. ఆరిందో లేదో తెలియాలంటే తెల్ల కాగితం చుట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం మీద నూనె మరక ఉంటే ఇంకా ఆరలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెయింటు వాసన వచ్చినా అంతే.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ తుడిచిన గుడ్డ. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పలచగా ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే వేడి లోపలే పెరిగి దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. ఒక సాయంత్రం నేను రంపపు పొట్టు బుట్టలో అలాంటి ఉండ విసిరేసి టీకి వెళ్లొచ్చాను. వచ్చేసరికి షెడ్డులో మాడిన పకోడీ వాసన. బుట్ట తిరగేస్తే గుడ్డ మధ్యలో నల్లగా, పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఇంకో గంట ఆగితే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా నాకిష్టం లేదు. వాడిన గుడ్డను విప్పి, బయట తీగ మీద ఒంటి మడతన ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచేయండి. అపార్ట్‌మెంట్ డస్ట్‌బిన్‌లో మాత్రం వేయకండి.

ఇప్పుడు మీ వస్తువులు.

వేప అట్లకాడలకి ఏమీ పూయకండి. వేడి బాణలిలో తిరిగే గరిటెకి పారఫిన్ రాస్తే మొదటి ఉప్మాలోనే అది కూరలోకి వెళ్తుంది. హాని ఉండదు, ఉపయోగమూ ఉండదు. వాటిని ఒకసారి వేడి నీళ్లలో కడిగి ఆరబెట్టండి. పైన నూగు లేస్తుంది. 320 నంబరు ఎమరీతో తేలిగ్గా రుద్దండి. మళ్లీ తడిపి, ఆరబెట్టి, మళ్లీ రుద్దండి. రెండోసారికి నూగు లేవడం ఆగిపోతుంది. మొదట్లో కాస్త చేదు వాసన ఉంటుంది, నాలుగైదు వంటలకి పోతుంది. మీ కూరల నూనే దానికి పూత. మటన్ కొట్లో చింత మొద్దు చూడండి. దానికి ఏ పాలిష్ ఉంది? రోజూ గీకుతారు, ఉప్పేసి రుద్దుతారు, ఆరనిస్తారు. 1990లలో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లివర్ అనే శాస్త్రవేత్త బృందం చెక్క బోర్డులనూ ప్లాస్టిక్ బోర్డులనూ పోల్చి చూసింది. చెక్కలోకి దిగిన బాక్టీరియా అక్కడే మెల్లగా చచ్చిపోవడం, కత్తి గాట్లు పడిన ప్లాస్టిక్‌ని శుభ్రం చేయడం కష్టం కావడం వాళ్లకు కనిపించాయి. అయినా మాంసానికి ఒక బోర్డు, కూరగాయలకి ఒకటి పెట్టుకోండి.

చపాతీ పీట, అప్పడాల కర్ర: పాత జిడ్డు ఉంటే ముందు వేడి నీళ్లు, సబ్బుతో తోమి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, 220 ఎమరీ పట్టి, ఆ పారఫిన్-మైనం ముద్ద రాయండి. పొడి పిండే కదా తగిలేది, ఏ బాధా లేదు.

ఏటికొప్పాక డబ్బా గురించి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో ఆ బొమ్మలకి జీఐ (ఫలానా ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన అక్కడి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. లక్క విషయానికొస్తే, మాత్రల మీదా, చాక్లెట్ల మీదా మెరుపు కోసం పూసేది అదే. అందుకని జీడిపప్పు, ఏలకులు, వక్కపొడి లాంటి పొడివి నిశ్చింతగా పోసుకోండి. రంగులు సహజమైనవేనా అని మాత్రం కొన్నచోట అడగండి. తడి, వేడి రెండూ లక్కకి పడవు. 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, నీళ్లు నిలిస్తే తెల్లగా పాలిపోతుంది, స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. వేడి వేడి పకోడీలు అందులో పోయకండి.

ఇక బోర్డు. దీని దగ్గర పూత కంటే పెద్ద సమస్య ఉంది, అది మీరు అడగలేదు. అది పాత తలుపు చెక్క. మన ఇళ్లలో పాత తలుపులకీ కిటికీలకీ ఆకుపచ్చ ఎనామిల్, గడపకి పసుపు ఎనామిల్ వేసేవారు. ఆ పాత పసుపు, పచ్చ రంగుల్లో సీసం ఉండేది మామూలే. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. తాతగారి తలుపు అంతకంటే ముందుదే అయి ఉంటుంది. వడ్రంగి దాన్ని చిత్రిక పట్టి పొర పొరగా తీశాడా, లేక మెషీన్ ఎమరీతో రుద్దాడా అని అడగండి. చిత్రికతో రెండు పక్కలా మూడు నాలుగు మిల్లీమీటర్లు తీసేసి ఉంటే మంచిదే. మెషీన్‌తో రుద్ది ఉంటే ఆ దుమ్ము చెక్క రంధ్రాల్లోకి కూరుకుపోయి ఉంటుంది. మళ్లీ చిత్రిక పట్టమనండి, పొట్టు ఇంట్లో ఎగరకుండా, పిల్లలు దగ్గర లేకుండా. మేకు రంధ్రాలు, లప్పం పెట్టిన గుంటలు, గడియ బిగించిన చోటు ఉంటే ఆ భాగం కోసి పారేయమనండి. రంగు అక్కడే దాక్కుంటుంది. చెదల మందులు, వాడేసిన ఇంజన్ ఆయిల్ కూడా పాత తలుపులకి పట్టించేవాళ్లు. నల్లటి ఛాయ, కిరసనాయిలు లాంటి వాసన ఏమాత్రం ఉన్నా ఆ చెక్కను గోడకి షెల్ఫ్ చేయించుకోండి. తాతగారి గుర్తు అలాగైనా నిలుస్తుంది. పక్కింటాయన ఎవరైనా జీడి నూనె పట్టించు, పురుగు పట్టదు అంటే వినకండి. జీడి పెంకు నూనె పడవలకీ దూలాలకీ పనికొస్తుంది, చేతికి తగిలితే పొక్కులు లేస్తాయి.

చెక్క శుభ్రంగా ఉందని తేలితే, 120, 180, 220 ఎమరీలు వరసగా పట్టి, తడిపి నూగు తీసి, లిక్విడ్ పారఫిన్ పోసి రాత్రంతా వదిలేయండి. టేకు చేవలో సహజంగానే నూనె లాంటిది ఉంటుంది. అందుకే నీళ్లకి నిలబడుతుంది, అందుకే బయటి నూనెను తక్కువ పీలుస్తుంది. అవిసె నూనె కూడా దాని మీద మామూలు కంటే ఆలస్యంగా ఆరుతుంది. టేకు బోర్డుకి నేను పారఫిన్, మైనం తప్ప వేరేది వాడకపోవడానికి కారణం అదే. పక్కలకీ అంచులకీ ఎక్కువ రాయండి, నీళ్లు ఎక్కువగా పీల్చేది కోసిన అంచే. ఒకవైపే రాసి వదిలేస్తే పళ్లెంలా వంగుతుంది. రెండు వైపులా సమానంగా రాయాలి.

మన వంటింట్లో పసుపు మరక తప్పదు. కడిగి ఎండలో పెట్టండి, ఒక పూటకి వెలిసిపోతుంది. పసుపులోని రంగు ఎండకి ఆగదు. ఇనప బాణలిని తడి టేకు మీద పెడితే పడే నల్ల గుండ్రం మాత్రం ఎండకి పోదు, నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్దాలి. మళ్లీ ఎప్పుడు నూనె రాయాలో తెలుసుకోవడానికి నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే సరే, ఇంకితే రాయాలి.

డాలస్ సంగతి. అక్కడ ఇళ్లల్లో చలికాలం హీటర్ గాలికి చెక్క మన ఊళ్లో కంటే బాగా ఎండిపోతుంది, పగుళ్లు అప్పుడే వస్తాయి. మొదటి చలికాలం రెండు వారాలకోసారి రాయమనండి. అక్కడ దీన్ని మినరల్ ఆయిల్ అంటారు, ఫార్మసీలో మలబద్ధకం మందుల వరసలో ఉంటుంది. ఇక్కడి నుంచి సీసా మోయక్కర్లేదు. డిష్‌వాషర్‌లో పెట్టొద్దని బోర్డు అడుగునే పెన్సిల్‌తో రాసి ఇవ్వండి. మా మేనకోడలు అక్కడే ఉంటుంది. నోటితో చెప్పి పంపిన రెండు బోర్డులూ దాని డిష్‌వాషర్‌లోనే రెండేసి చెక్కలయ్యాయి.

వడ్రంగి చిత్రిక పట్టాక, నూనె రాయకముందే, బోర్డు రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మేకు రంధ్రాలు ఏమైనా మిగిలాయేమో చూసి చెప్తాను.